పాలసీల ఫ్రీ హెల్త్ చెకప్ ఉందట, రెన్యువల్ దగ్గరికొచ్చింది, చేపిచ్చుకోవాల్నా వద్దా?

నయీంనగర్_రాజు:

అన్నలు, అక్కలు అందరికి నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్. నాకు, మా ఇంటామెకు, పాపకు కలిపి 10 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ ఉంది, ఫ్యామిలీ ఫ్లోటర్ అంటరు, ఇంటోళ్లందరికి కలిపి ఒకటే కవర్. 2021ల కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఎంజీఎం దవాఖాన దిక్కు పరిస్థితి చూసి భయపడి తీస్కున్నం, అప్పటిసంది ప్రతి ఏడు టైమ్‌కు కడుతనే ఉన్నం, దేవుని దయతోని ఇప్పటిదాక క్లెయిమ్ పెట్టే అవసరమే రాలే. వచ్చే నెల రెన్యువల్ ఉంది, మెసేజ్ వస్తే పాలసీ కాయిదాలు తీసి మొత్తం చదివిన. అండ్ల ఒక కాడ యాన్యువల్ హెల్త్ చెకప్ అని ఉంది, 18 ఏండ్లు దాటినోళ్లకు పాలసీ సంవత్సరానికి ఒకసారి, మీరు వేరే పైసలు కట్టుడు అవసరం లేదు అని రాసిన్రు. ఈ ముచ్చట పాలసీ అమ్మిన ఏజెంట్ ఎన్నడు చెప్పలే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒకాయన యాప్‌ల చూసుకో అంటడు, ఇంకొకామె మెయిల్ పెట్టు అంటది.

నేను చేపిచ్చుకుందాం అంటున్న. మా ఇంటామె మాత్రం వద్దంటది. ఏం లేనిదానికి సూది ఎందుకు పొడిపిచ్చుకోవాలె, ఏమన్న బయటపడితే వచ్చే ఏడు ప్రీమియం పెంచుతరు, లేకపోతే పాలసే బంద్ పెడ్తరు అని ఆమె భయం. ఏనుమాముల మార్కెట్‌ల నాతోని పనిచేసే దోస్తు గూడ గదే మాట అన్నడు, వాళ్ల చుట్టపాయనకు టెస్టుల షుగర్ బయటపడ్డదట, తర్వాత దవాఖానల చేరితే క్లెయిమ్ రిజెక్ట్ చేసిన్రట. ఇది నిజమేనా? ఇంకోటి, మా అమ్మకు 63 ఏండ్లు, ఆమెకు 2023ల వేరే పాలసీ తీసినం, బీపీ ఉందని అప్పుడే ఫారంల రాసినం. ఆమెకు గూడ ఈ చెకప్ వస్తదా? తెల్సినోళ్లు జెర వివరంగ చెప్పుర్రి.

---

డెస్క్_అక్క_హన్మకొండ:

రాజు తమ్మీ, నేను మన హన్మకొండలనే ఒక ప్రైవేట్ దవాఖానల ఇన్సూరెన్స్ డెస్క్ మీద పనిచేస్త. పొద్దున కూసున్నకాడికెళ్లి రాత్రిదాక ఇవే కాయిదాలు, అందుకే కొంచెం లంబా అయినా మంచిగ చెప్తా, మీ ఇంటామెను గూడ పక్కన కూసోపెట్టుకుని చదువు.

ముందుగాల ఆమె భయం సంగతి. పాలసీ తీస్కున్న రోజుకంటె ముందు 36 నెలల లోపల డాక్టర్ ఉందని చెప్పిన రోగం, లేకపోతే మందులు వాడిన రోగం, దాన్నే ప్రీ ఎగ్జిస్టింగ్, అంటే పాత రోగం అంటరు. నువ్వు 2021ల తీస్కున్నవ్, అప్పుడు నీకు ఏం లేదు, ఏ గోలీ వాడలే. ఇప్పుడు చెకప్‌ల షుగర్ బయటపడితే అది పాలసీ నడుస్తుండగ వచ్చిన రోగం కిందికి వస్తది, పాత రోగం కాదు. దాన్ని చూపిచ్చి పాలసీ బంద్ పెట్టుడు ఉండదు, నీ ఒక్కని ప్రీమియం పెంచుడు గూడ ఉండదు. సమ్ ఇన్సూర్డ్, అంటే కవర్ మొత్తం పెంచమని నువ్వు అడగనంతవరకు రెన్యువల్ టైమ్‌ల కొత్తగ మెడికల్ చూసే పనే వాళ్లకు లేదు, ఇది ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే సర్కారు సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన రూల్. మరి ప్రీమియం ఎందుకు పెరుగుతది అంటవా, వయసు ఒక స్లాబ్ దాటితే పెరుగుతది, లేకపోతే ఆ ప్లాన్ తీస్కున్న అందరికి కలిపి పెంచుతరు. నీ రిపోర్ట్ చూసి కాదు.

ఇగ మీ దోస్తు చెప్పిన కేసు. నేను ఆ కాయిదాలు చూడలే కాబట్టి దాని గురించి తీర్పు చెప్పను, కాని నా డెస్క్ మీదికి వచ్చే రిజెక్షన్లు ఎక్కువ శాతం ఎట్ల అయితయో చెప్తా విను. పేషెంట్‌ను అడ్మిట్ చేస్తరు, డ్యూటీ డాక్టర్ వచ్చి షుగర్ ఎన్నేండ్ల సంది అని అడుగుతడు, పక్కన నిలబడ్డ కొడుకో అల్లుడో పరేషాన్ల ఉండి ఏ, పదేండ్లాయె సార్ అని అలకగ అనేస్తడు. డాక్టర్ కేస్ షీట్‌ల పదేండ్లు అని రాస్తడు. పాలసీ తీసి నాలుగేండ్లే అయ్యింది, ఫారంల షుగర్ లేదని ఉంది. అయిపాయె, రోగం దాచిపెట్టిన్రు అని లెటర్ వస్తది. ఆ మనిషికి నిజంగ షుగర్ వచ్చి మూడేండ్లే అయినా సరే, మూడేండ్లే అని చూపిచ్చే కాయిదం ఇంట్ల ఉండదు. అప్పుడు ఆ కుటుంబం నా ముందల కూసుని ఏడుస్తరు, నేను చేసేది ఏమి ఉండదు.

తమ్మీ, ఈ చెకప్ గురించి అందరు మర్చిపోయే సంగతి ఇదే. ప్రతి ఏడు చేపిచ్చుకున్నోని దగ్గర తారీఖు వేసిన రిపోర్టులు ఉంటయి. 2025ల షుగర్ నార్మల్, 2026ల ఎక్కువ వచ్చింది అంటే రోగం ఎప్పుడు షురూ అయ్యిందో కంపెనీ డబ్బులు పెట్టి తీసిన రిపోర్టే సాక్ష్యం చెప్తది. మీ ఇంటామె ఏ రిపోర్ట్‌కు భయపడుతుందో ఆ రిపోర్టే రేపు ఆమె దిక్కు నిలబడ్తది.

ఇంకో రూల్ గూడ యాది పెట్టుకోర్రి. 2024 ఏప్రిల్ నుంచి, పాలసీ బ్రేక్ లేకుండ 60 నెలలు నడిస్తే ఆ తర్వాత ఫారంల ఏదో రాయలే అన్న వంక మీద క్లెయిమ్ ఆపుడు కుదరదు, మోసం అని రుజువు చేస్తే తప్ప. ఇదివరకు ఇది 8 ఏండ్లు ఉండె. నీది 2021 పాలసీ కాబట్టి రెన్యువల్ తారీఖు అస్సలు తప్పొద్దు.

ఇప్పుడు చెకప్ ఎట్ల వాడుకోవాలె. కంపెనీని బట్టి పద్ధతి మారుతది. కొన్నిట్ల యాప్‌ల బుక్ చేస్తే వాళ్లతోని టైఅప్ ఉన్న ల్యాబ్‌కెళ్లి మనిషి ఇంటికే వచ్చి రక్తం తీస్కపోతడు, నీ చేతిల నుంచి రూపాయి పోదు. కొన్నిట్ల నువ్వే ముందు కట్టి బిల్లు, రిపోర్ట్ పంపితే ఒక లిమిట్ దాక వాపస్ వేస్తరు. పాత పాలసీలల్ల అయితే నాలుగేండ్లు క్లెయిమ్ లేకుండ ఉంటేనే ఒకసారి అని ఉంటది. నీ దాంట్ల ప్రతి ఏడు అని ఉంది కాబట్టి నువ్వు అదృష్టవంతునివే. ఈ ఏటిది వాడకపోతే వచ్చే ఏటికి జమ కాదు, పాలసీ సంవత్సరం అయిపోతే పోతది, అందుకే చివరి వారంల అందరు ఎగబడ్తరు, స్లాట్లు దొరకయి. నువ్వు ఇయ్యాలనే బుక్ చెయ్. యాప్‌ల అయితలేదంటే ఫోన్ పక్కకు పెట్టి మెయిల్ రాయి, పాలసీ నంబర్ వేసి, ఏ క్లాజ్ కింద అడుగుతున్నవో రాసి. ఫోన్‌ల అన్న మాటకు రుజువు ఉండదు, మెయిల్‌కు ఉంటది.

వాపస్ తీస్కునే రకం అయితే బిల్లు మీద పేరు పాలసీల ఉన్నట్టే ఉండాలె. ల్యాబ్‌ల పిల్లగాడు పేరు కురచ చేసి రాస్తడు, ఇంటిపేరు ఇడిసిపెడ్తడు, గంత చిన్నదానికి గూడ క్వెరీ పెడ్తరు. చెకప్ వాడితే, క్లెయిమ్ పెట్టనోళ్లకు ఇచ్చే బోనస్ పోతదా అని గూడ చానమంది అడుగుతరు, ఎక్కువ పాలసీలల్ల పోదు, అయినా నీ పాలసీ కాయిదంల ఆ లైన్ ఒకసారి చూస్కో.

అమ్మ సంగతి, ఆమె పాలసీల చెకప్ ఉందా లేదా అని కాయిదం చూస్తేనే తెలుస్తది, అన్నిట్ల ఉండదు. ఉంటే బీపీకి పెట్టిన వెయిటింగ్ పీరియడ్‌కు, అంటే ఆ రోగానికి క్లెయిమ్ ఇయ్యకుండ ఆపే టైమ్‌కు, దీనికి సంబంధం లేదు. బీపీ ముందే రాసిన్రు కదా, మంచిపని చేసిన్రు.

---

పరకాల_శీను:

అక్క చెప్పింది రూల్ ప్రకారం కరెక్టే కావచ్చు, కాని నా అనుభవం వేరే. మా బావ ఆఫీసుల ఫ్రీ చెకప్ అని పోతే అరవై డెబ్బై రకాల టెస్టులు చేసిన్రు, రిపోర్ట్ నిండ బోల్డ్ అక్షరాలు, బాణం గుర్తులు. తెల్లారి ఒక దవాఖాన కెళ్లి ఫోన్, సార్ మీకు గుండె టెస్టులు ఇంకా కొన్ని చెయ్యాలె, రాండ్రి అని. ఆయన వారం రోజులు తిండి నిద్ర లేకుండ ఉన్నడు, ఆఖరికి పెద్ద డాక్టర్ చూసి ఏం లేదు పో అన్నడు. ఫ్రీ అంటె ఊకె ఇస్తరా ఎవరన్న? మనల్ని లోపలికి గుంజెతందుకే ఇస్తరు. ఒంట్ల బాగలేనప్పుడు పోవాలె గని బాగున్నప్పుడు పోవుడు ఎందుకు అన్నది నా ఆలోచన. రాజన్నా, ఆలోచించి చెయ్యి.

---

ల్యాబ్_తమ్మి_కరీంనగర్:

శీనన్నా, మీ బావ పడ్డ పరేషాన్ నేను అర్థం చేసుకుంట, నేను కరీంనగర్‌ల ల్యాబ్ టెక్నీషియన్‌ను, అట్లాంటి ఫోన్లు చేసేటోళ్లు ఉన్నరు, లేరని అనను. కాని బాగున్నప్పుడు పోవుడు ఎందుకు అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. బీపీ, షుగర్, కిడ్నీ ఈ మూడు నొప్పి పెట్టయి అన్నా. కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ పెరిగినంక మొఖం ఉబ్బి, కాళ్లు వాచి వచ్చేటోళ్లను చూస్త, అప్పటికి కిడ్నీ చానమటుకు పోయి ఉంటది. రెండేండ్లు ముందు ఒక రక్తం టెస్ట్, ఒక మూత్రం టెస్ట్ చేసి ఉంటే ఆ మనిషి ఇయ్యాల డయాలసిస్ బెడ్ మీద ఉండకపోవు.

అయితే ఏ టెస్టులు అన్నది మీరు అన్నట్టు చూసుకోవాలె. టెస్టులు ఎక్కువ ఉంటే ప్యాకేజ్ మంచిది అని కాదు. ఎన్ని ఎక్కువ చేస్తే అన్ని ఉత్తగనే కొంచెం అటు ఇటు వస్తయి, ఆరోగ్యంగ ఉన్న మనిషికి గూడ. ముప్పై, నలభై ఏండ్లోళ్లకు బీపీ, తినకముందు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రం, రక్తం శాతం, ఇవి ఉన్నయా చూడుర్రి. ఇంట్ల ఎవరికన్న థైరాయిడ్ ఉంటే అది. ఏ లక్షణం లేనోళ్లకు క్యాన్సర్ మార్కర్లు అని రక్తంల చేసేటియి ప్యాకేజ్‌ల పెడ్తరు చూడుర్రి, వాటితోని భయం తప్ప ఫాయిద తక్కువ.

రాజన్నా, ఇగ మీకు చెప్పేది. పన్నెండు గంటలు ఏం తినొద్దు అంటే మనోళ్లు టీ లెక్కలకు తీస్కోరు. పొద్దున ఆరు గంటలకు ఇంటికి పోత, అమ్మా ఏమన్న తిన్నవా అంటే ఏం తినలే బిడ్డా, ఒక్క గుటక చాయ్ తాగిన అంటది. ఆ చాయ్‌ల చక్కెర ఉంది, పాలు ఉన్నయి, షుగర్ రిపోర్ట్ మొత్తం తప్పు వస్తది. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలె గూడ, లేకపోతే నరం దొరకదు, రెండుసార్లు గుచ్చాల్సి వస్తది. ముందురోజు రాత్రి దావత్ ఉంటే ఆ తెల్లారి టెస్ట్ పెట్టుకోవద్దు, మటన్, మందు తాగినంక ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంల కొవ్వు ఎక్కడికో పోతది. జరం వచ్చి తగ్గిన వారంల గూడ వద్దు. బీపీ గోలీలు అమ్మ రోజు వేసుకునేటియి ఆపొద్దు, షుగర్ గోలీలు అయితే తినకముందు వేసుకోవద్దు, డాక్టర్‌ను అడిగి చేయుర్రి.

ఆడోళ్ల గురించి ఒకటి. మన దిక్కు ఆడోళ్లకు రక్తం తక్కువ చాన. ఐరన్ తక్కువ ఉంటే హెచ్‌బీఏ1సీ కొంచెం ఎక్కువ చూపిస్తది, అసలు షుగర్ లేకున్నా. అందుకే ఆ ఒక్క నంబర్ చూసి వదినె భయపడొద్దు, హిమోగ్లోబిన్, తినకముందు షుగర్ పక్కన పెట్టి డాక్టర్ చూడాలె. జుట్టు ఊడుతుందని బయోటిన్ గోలీలు వేసుకునేటోళ్లు థైరాయిడ్ టెస్ట్‌కు రెండు మూడు రోజుల ముందు ఆపాలె, అది గూడ తప్పు చూపిస్తది.

శీనన్న చెప్పిన ఫోన్ల సంగతికి నా జవాబు ఒక్కటే, రిపోర్ట్ తీస్కుని ఫోన్ చేసిన దవాఖానకు పోవద్దు, మీకు నమ్మకం ఉన్న మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి పోవాలె. వాట్సాప్‌ల పీడీఎఫ్ వచ్చింది, ఎర్రగ ఉన్నది చూసిన్రు, భయపడ్డరు, లేదా తెల్లగ ఉంది అని పక్కకు పడేసిన్రు, అంటే టెస్ట్ చేసి ఏం ఫాయిద లేదు.

---

పీహెచ్‌సీ_సిస్టర్:

అందరికి నమస్కారం. నేను జనగామ దిక్కు పల్లెల పనిచేసే ఏఎన్‌ఎంను, అంటే సర్కారు నర్సును. పాలసీ ఉన్నోళ్ల గురించి మంచిగ చెప్పిన్రు, కాని ఇది చదివేటోళ్లల్ల పాలసీ లేనోళ్లే ఎక్కువ ఉంటరు, వాళ్ల కోసం రాస్తున్న.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా, చెకప్ గూడ అండ్లనే అయితది అని చానమంది అనుకుంటరు. 2023 డిసెంబర్‌ల 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు, నిజమే, కాని అది రోగం వచ్చి లిస్టుల ఉన్న ట్రీట్‌మెంట్‌కు. ఏ రోగం లేకుండ చూపిచ్చుకునుడు దాంట్ల రాదు. దానికి వేరే దారి ఉంది, అది మీ ఊరి సబ్ సెంటర్, పీహెచ్‌సీ, టౌన్‌ల అయితే బస్తీ దవాఖాన. 30 ఏండ్లు దాటిన ప్రతి ఒక్కరికి బీపీ, షుగర్ చూస్తం, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు స్క్రీనింగ్ ఉంది. ఆశ అక్క మీ ఇంటికి వచ్చి ఫారం నింపుతది, బీడీ తాగుతవా, గుట్కా వేస్తవా, నడుం ఎంతుంది అని అడిగితే కసురుకోకుర్రి, ఆ మార్కులను బట్టే ఎవరిని ముందు చూడాల్నో తేలుతది. రక్తం పరీక్షలు తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ల్యాబ్‌కు పోతయి, 2021 జూన్‌ల మా జనగామ, ములుగు, మహబూబాబాద్, కరీంనగర్ కలిపి 19 జిల్లాలల్ల ఆ సెంటర్లు పెట్టిన్రు, రూపాయి తీస్కోరు. బీపీ, షుగర్ ఉందని తేలితే గోలీలు గూడ ఇస్తం.

ఆడోళ్ల కోసం 2023 మార్చి 8 నాడు కరీంనగర్‌ల ఆరోగ్య మహిళ అని షురూ చేసిన్రు, మంగళవారం మంగళవారం, మొత్తం ఆడ సిబ్బందే. మొగ డాక్టర్ ఉంటడని సిగ్గుపడి రానోళ్లు ఆ రోజు వచ్చిన్రు. రొమ్ముల గడ్డ ఉందని రెండేండ్లుగ ఇంట్ల ఎవరికి చెప్పకుండ ఉన్న ఒకామె మా దగ్గర మొదటిసారి నోరు తెరిచింది. రాజు తమ్మీ, మీ ఇంటామె సూది గురించి భయపడుతుందంటివి, ఆమె అసలు భయం అదేనా, వేరే ఏమన్న ఉందా అని మెల్లగ అడుగు. పాలసీ ప్యాకేజ్‌ల రక్తం టెస్టులే ఉంటయి ఎక్కువ, గర్భసంచి స్క్రీనింగ్ చానమటుకు ఉండదు. అది మా దగ్గర చేస్తం, అయిదేండ్లకు ఒకసారి చేపిచ్చుకున్నా చాలు, అయిదు నిమిషాల పని.

---

భూపాలపల్లి_బొగ్గుబిడ్డ:

మా సింగరేణిల పీఎంఈ అని కార్మికులకు మెడికల్ పరీక్ష ఉంటది, గనుల రూల్స్ ప్రకారం కొన్నేండ్లకు ఒకసారి తప్పకుండ చేస్తరు, ఊపిరితిత్తుల ఎక్స్‌రే, చెవులు, కండ్లు అన్ని. దాంట్ల నాకు బీపీ తొందరగనే దొరికింది, గోలీ మీద ఉన్న, డ్యూటీ చేస్తున్న, ఏం రంది లేదు. కాని పీఎంఈ అన్నది డ్యూటీకి పనికొస్తమా లేదా అని చూసేది, ఇంట్లోళ్లకు రాదు. మా ఆమెకు గూడ అట్లనే చేపిచ్చాలె అని ఇది చదివినంకనే అనిపిచ్చింది. సిస్టర్‌కు దండాలు.

---

ఓరుగల్లు_టు_డాలస్:

హాయ్ అందరికీ. మాది కాజీపేట, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నం. ఇక్కడి పద్ధతి రాస్తే మన పిల్లలు ఇక్కడున్న పేరెంట్స్‌కి, ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అమెరికాలో 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం ఎక్కువ ప్లాన్లు ప్రివెంటివ్ కేర్‌కి, అంటే రోగం రాకముందు చేసే పరీక్షలకి, మన దగ్గర కోపే, డిడక్టిబుల్ అని మన వాటా పైసలు ఏమీ తీసుకోకూడదు. టీకాలు, బీపీ, కొలెస్ట్రాల్, 40 దాటిన ఆడవాళ్లకి మామోగ్రామ్, 45 దాటినవాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ ఇవన్నీ అందులో వస్తయి. వీటిలో స్క్రీనింగ్ పరీక్షలు ఏవి ఫ్రీ అన్నది ఎక్కువగా ఒక నిపుణుల టాస్క్‌ఫోర్స్ ఎ, బి గ్రేడ్ ఇచ్చిన లిస్టును బట్టి ఉంటుంది. దీని మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 2025 జూన్‌లో ఆ పద్ధతి చెల్లుతుంది అని తీర్పు వచ్చింది.

మనవాళ్లు దెబ్బతినేది ఎక్కడంటే, ఫ్రీ కదా అని యాన్యువల్ ఫిజికల్‌కి పోతరు, అక్కడ డాక్టర్‌తో మాటల్లో మోకాలు నొప్పి అనో, మూడు నెలల నుంచి గ్యాస్ అనో చెప్తరు, ఆయన దానికి వేరే పరీక్ష, మందు రాస్తడు, ఆ భాగం ప్రివెంటివ్ కాదు అని వేరే బిల్లు వస్తది. చెప్పొద్దు అనడం లేదు, నొప్పి ఉంటే చెప్పాల్సిందే, కాకపోతే ఇది వేరే విజిట్ కింద వస్తుందా అని అప్పుడే అడగండి. డాక్టరే కాదు, రక్తం పంపే ల్యాబ్ కూడా మన నెట్‌వర్క్‌లో ఉండాలి. బిల్లు తప్పు వచ్చిందనిపిస్తే కట్టకముందే డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి ప్రివెంటివ్ కోడ్ వేసి మళ్లీ పంపమని అడగొచ్చు, చాలాసార్లు మారుస్తరు.

అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తే తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కి ఈ చట్టం వర్తించదు, దాంతో చెకప్‌లు కావు. మా అత్తమ్మ, మామయ్యలకి ఫ్లైట్ ఎక్కే ముందే హన్మకొండలో వాళ్ల పాలసీ మీదనే చెకప్ చేయించి, రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ బ్యాగ్‌లో పెట్టుకుని రమ్మంటం.

ఇంకొక ముఖ్యమైన మాట. మన దక్షిణాసియా వాళ్లకి సన్నగా ఉన్నా షుగర్ తొందరగా వస్తది, అందుకే ఇక్కడ డయాబెటిస్ అసోసియేషన్ ఏషియన్ వాళ్లకి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 నుంచే టెస్ట్ చేయమంటది, మిగతావాళ్లకి 25. నేను సన్నగా ఉన్నా కదా, నాకెందుకు అనుకునే మన వరంగల్ అన్నలందరూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

---

నయీంనగర్_రాజు:

అందరికి చాన చాన థాంక్స్. అక్కా, మీరు రాసింది మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. కేస్ షీట్ ముచ్చట కాడ ఆగి మళ్లొకసారి చదువు అన్నది. సిస్టర్ చెప్పినట్టు అడిగితే, వాళ్ల అమ్మకు షుగర్ ఉండె, కాలు వేలు తీసేసిన్రు, నాకు గూడ అదే వస్తదేమో అని రంది అన్నది. ప్రీమియం ముచ్చట పైపైనే. ఇప్పుడు ఇద్దరం చేపిచ్చుకుంటం. మూడు డౌట్లు ఉన్నయి. ఒకటి, వచ్చే ఏడు 10 నుంచి 15 లక్షలకు పెంచుదాం అనుకుంటున్న, చెకప్‌ల ఏమన్న వస్తే ఎట్ల? రెండు, ఇన్‌కమ్ ట్యాక్స్‌ల దీనికి ఏదో 5,000 మినహాయింపు ఉంటదట, అది తీస్కోవచ్చా? మూడు, మెయిల్ పెడ్తే గూడ జవాబు రాకపోతే?

---

డెస్క్_అక్క_హన్మకొండ:

తమ్మీ, మీ ఇంటామె నోటికెళ్లి అసలు ముచ్చట వచ్చింది, సంతోషం. తల్లికి షుగర్ ఉన్నదంటే ఆమెకు ఈ టెస్ట్ ఇంకా అవసరం, ల్యాబ్ తమ్మి చెప్పినట్టు హిమోగ్లోబిన్‌తోని కలిపి చేపిచ్చుర్రి.

పెంచే సంగతి. పెంచిన ఆ 5 లక్షలకే కొత్తగ ఫారం, కొత్త వెయిటింగ్ పీరియడ్ ఉంటది, పాత 10 లక్షలు పాత లెక్కనే నడుస్తయి, దానికి ఏం కాదు. ఫారంల చెకప్‌ల ఏమొచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాయాలె. షుగర్ ఉందని రాస్తే ఆ పైన 5 లక్షలకు ఎక్కువ ప్రీమియం అడగొచ్చు, ఎక్కువల ఎక్కువ మూడేండ్లు వెయిటింగ్ పెట్టొచ్చు, కాదు అని గూడ అనొచ్చు. కొంతమంది ఏజెంట్లు ముందు పెంచు, తర్వాత టెస్ట్ చేపిచ్చుకో అని సలహా ఇస్తరు. నేను ఆ సలహా ఇయ్యను. 5 లక్షల కవర్ కోసం ఒక ఏడు షుగర్‌ను తెలుసుకోకుండ వదిలేసుడు ఎవరికి మంచిది కాదు, అది గూడ తల్లికి కాలు వేలు తీసేసిన ఇంట్ల. వేరే కంపెనీకి మార్చుకునుడు అనుకుంటే గూడ ఫారంల నిజమే రాయాలె, మామూలుగ రెన్యువల్‌కు 45 రోజుల ముందు అప్లై చెయ్యమంటరు, నీకు ఈసారి ఆ టైమ్ దాటిపోయి ఉండొచ్చు.

ట్యాక్స్ సంగతి, హెల్త్ ఇన్సూరెన్స్‌కు ఇచ్చే మినహాయింపుల (పాత చట్టంల 80డి అనేటోళ్లు) చెకప్‌కు 5,000 దాక ఉంది, కాని అది వేరేగ ఇచ్చేది కాదు, ప్రీమియంకు ఉన్న 25,000 లిమిట్‌ల కలిపే, 60 ఏండ్లు దాటినోళ్లకైతే 50,000ల. పాత ట్యాక్స్ పద్ధతిల ఉన్నోళ్లకే. చెకప్ పైసలు నగదు ఇచ్చినా ఒప్పుకుంటరు, ప్రీమియం మాత్రం నగదు కడితే ఒప్పుకోరు. నీకు కంపెనీ ఫ్రీగ చేపిస్తే నీ జేబుకెళ్లి పోలే కాబట్టి అది చూపిచ్చుకోరాదు. అమ్మ పాలసీల చెకప్ లేకపోతే ఆమెకు నువ్వు పైసలు పెట్టి చేపిస్తవ్ చూడు, అది చూపిచ్చుకో, బిల్లు దాచి పెట్టు.

జవాబు రాకపోతే అదే మెయిల్‌ను కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపు, అడ్రస్ పాలసీ కాయిదం చివర్ల ఉంటది. అక్కడ గూడ పని కాకపోతే బీమా భరోసా పోర్టల్‌ల కంప్లైంట్ వెయ్యి, లేకపోతే 155255కు ఫోన్ చెయ్యి, అది ఐఆర్‌డీఏఐ నంబర్. ఆ ఆఫీసు హైదరాబాద్‌లనే ఉంది. నెల రోజులల్ల కంపెనీ నుంచి సరైన జవాబు రాకపోతే ఇసొంటి కంప్లైంట్లు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నడు, తెలంగాణోళ్లకు ఆయన ఆఫీసు గూడ హైదరాబాదే, ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. మా దగ్గర ఒక పెద్దమనిషి చెకప్ పైసలు కాదు, పెద్ద క్లెయిమే గట్ల తెచ్చుకున్నడు, చేతితోని రాసిన తెలుగు కాయిదంతోని.

---

పరకాల_శీను:

అక్కా, నా పాలసీ ఆఫీసోళ్లది, గ్రూప్ పాలసీ. దాంట్ల చెకప్ ఉంటదా? ఉంటే రిపోర్ట్ ఆఫీసోళ్లకు పోతదా?

---

డెస్క్_అక్క_హన్మకొండ:

గ్రూప్ పాలసీల ఏమి ఇయ్యాల్నో ఆఫీసు, కంపెనీ కూసుని మాట్లాడుకుంటయి శీను తమ్మీ, కాబట్టి మీ హెచ్‌ఆర్‌ను అడిగి బెనిఫిట్ కాయిదం తెప్పిచ్చుకో. పాలసీ యాప్‌ల నువ్వే బుక్ చేసుకుంటే రిపోర్ట్ నీ ఫోన్‌కు వస్తది. ఆఫీసోళ్లే క్యాంప్ పెట్టి చేపిస్తే మాత్రం సంతకం పెట్టే ముందు కన్సెంట్ ఫారం చదువు, రిపోర్ట్ ఎవరికి పోతదో దాంట్ల రాసి ఉంటది. ఇంకోటి, ఉద్యోగం ఇడిసిపెట్టిన రోజు ఆ గ్రూప్ కవర్ పోతది, అప్పటికి షుగరో బీపీయో వచ్చి ఉంటే కొత్త పాలసీల అది పాత రోగం కింద లెక్క. ఇప్పుడే నీకు, ఇంట్లోళ్లకు సొంతంగ ఒక చిన్న పాలసీ తీసి పెట్టుకో, ఫారంల అన్ని నిజమే రాసి.

---

పరకాల_శీను:

సరే అక్కా, సోమవారం హెచ్‌ఆర్‌ను అడుగుత. బావకు గూడ ఈ లింక్ పంపిన.